పిల్లికి మొదటి ఇన్సులిన్ సూది వేసే ముందు

అన్నిటికన్నా ముందు సిరంజి చూడండి. ఇన్సులిన్ సీసాపై 40 (మిల్లీలీటరుకు 40 యూనిట్లు) అని ఉంటే ఎర్ర మూతది, 100 అని ఉంటే నారింజ మూతది. 100 మందును ఎర్ర మూత సిరంజితో ఎక్కిస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. అంత చిన్న ప్రాణం తట్టుకోలేదు.

గిన్నె ముట్టకపోతే సూది ఆపి, వైద్యుడికి ఫోను చేయండి.

మందు చర్మంలోకి వెళ్లిందో, బొచ్చు మీదే కారిందో తెలియలేదా? మళ్లీ వేయకండి. ఒక పూట తప్పినా ఫర్వాలేదు, రెండింతలైతేనే ప్రమాదం.

తేనె చేతికందేలా ఉంచండి. మా పిల్లి ఒక సాయంత్రం వెనక కాళ్లు తడబడి గోడకు ఆనుకుంది. రక్తంలో చక్కెర పడిపోయిందని గ్రహించి, చిగుళ్లకు తేనె రాసి ఆసుపత్రికి పరుగెత్తాం.

సీసా ఫ్రిజ్‌లోనే, ఫ్రీజర్‌లో కాదు. గడ్డకడితే పారేయాల్సిందే.

వైద్యుడికి చెప్పకుండా తిండి మార్చవద్దు. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది.