కార్డుల టోర్నీ కట్టడం నేర్చుకుందాం – 4వ పాఠం: మూడో రౌండు ఎందుకు చచ్చిపోయింది?

ఈసారి టైమ్ లెక్కల గురించి చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. తప్పు నాదే. ఎనిమిది మందితో మూడు స్విస్ రౌండ్లు (ఓడినా ఎవరూ ఇంటికి పోరు, ప్రతి రౌండులో సమాన పాయింట్లవాళ్లే ఆడుకుంటారు) ఆడించి, మొదటి నలుగురిని సెమీఫైనల్‌కి పంపమని పోయిన పాఠంలో చెప్పాను. కడపలో ఏడురోడ్ల దగ్గర ఒక గదిలో అలాగే ట్రయల్ వేసినవాళ్లు ఫోన్ చేశారు. "అన్నా, మూడో రౌండులో ఒకటో టేబులోళ్లు కార్డులు కలపనే లేదు. డ్రా అని రాసిచ్చి ఉగ్గాని తినేకి పోయినారు" అని. కర్నూలు నుంచీ అదే ఫిర్యాదు. అనుమానమొచ్చి అనంతపురంలో మా మిద్దె మీద నేనే ఎనిమిది మందిని కూర్చోబెట్టాను. మూడో రౌండుకి ఇద్దరు ఫోన్లు తీశారు.

వాళ్లను తిట్టకండి. లెక్క వేయండి. గెలుపుకి 3, డ్రాకి 1, ఓటమికి 0. రెండు రౌండ్లయ్యాక ఇద్దరి దగ్గర ఆరేసి పాయింట్లు, నలుగురి దగ్గర మూడేసి, ఇద్దరి దగ్గర సున్నా. మూడో రౌండులో ఆరు పాయింట్లవాళ్లిద్దరూ ఆడుకుంటే ఒకరికి 9, ఇంకొకరికి 6. కింది రెండు టేబుళ్లలో గెలిచినవాళ్లకి చెరో 6. మొత్తం నలుగురు. అంటే ఒకటో టేబులులో ఓడినవాడు కూడా సెమీస్‌లోనే ఉంటాడు. గెలిచినా, ఓడినా, డ్రా చేసుకున్నా ఒకటే. సున్నా పాయింట్లవాళ్లిద్దరిలో గెలిచినవాడికి వచ్చేది మూడే, వాడికి ఆశే లేదు. నాలుగు టేబుళ్లలో రెండు ఉత్తుత్తి టేబుళ్లు! పోయిన పాఠం రాసేటప్పుడు ఇది నాకు తట్టలేదు.

ఇక్కడే నాకు ఒళ్లు మండే పొరపాటు ఒకటుంది. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ అదే మందు చెప్పారు: "డ్రా చేసుకోకూడదని రూల్ పెడదామన్నా." పెట్టండి. ఎలా పట్టుకుంటారు? యాభై నిమిషాల మ్యాచ్‌లో ప్రతి కార్డుకీ గడ్డం గోక్కుంటూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది, డ్రా దానంతటదే వస్తుంది. నెమ్మదిగా ఆడితే పెనాల్టీ అంటారా? ఒకడు మొదటి చేతికే "నేను ఓడిపోయా" అని లేచిపోతాడు. ఓడిపోవద్దని రూల్ రాయగలరా? పోనీ, డ్రాకి సున్నా ఇద్దామంటారా? ఇది మరీ ప్రమాదం. అప్పుడు నిజంగా ఆడి ఆడి టైమ్ చాలనివాళ్లు నష్టపోతారు. నిదానంగా గెలిచే డెక్కులు (ఆటగాడు తనే ఎంచుకుని తెచ్చుకునే కార్డుల కట్టలు) కట్టేవాళ్లు రెండో టోర్నీకే వాటిని ఇంట్లో వదిలేసి వస్తారు. ఒక్క కార్డు కూడా నిషేధించకుండానే సగం డెక్కుల్ని నిషేధించినట్టు. "మ్యాజిక్: ది గ్యాదరింగ్" అనే కార్డుల ఆట టోర్నీ నియమాల్లో కూడా ఇద్దరూ ఒప్పుకుని డ్రా చేసుకోవడం తప్పు కాదు. డబ్బో బహుమతో ఆశ చూపి ఫలితం కొనడమే తప్పు. జబ్బు టోర్నీ కట్టడంలో ఉంటే మందు ఆటగాడికి పోస్తారా?

ఎనిమిది మందికి సెమీఫైనల్ తీసేయండి. మూడు రౌండ్లు పూర్తిగా ఆడితే, డ్రాలు లేకపోతే, మూడూ గెలిచినవాడు ఒక్కడే మిగులుతాడు. వాడే విజేత. ఒకటో టేబులు దానంతటదే ఫైనల్ అవుతుంది.

పదహారు మంది, నాలుగు రౌండ్లు, మొదటి నలుగురు అంటే కథ వేరు. నాలుగూ గెలిచినవాడు ఒకడు, మూడు గెలిచినవాళ్లు నలుగురు. ఉన్నవి నాలుగు కుర్చీలు, హక్కున్నవాళ్లు ఐదుగురు. ఒకటో టేబులులో ఓడితే గండం, డ్రా అయితే ఇద్దరికీ పదేసి పాయింట్లు, ఇద్దరూ సెమీస్‌లోకి. వీళ్లూ చేతులు కలుపుతారు. చూడ్డానికి ఒకేలా ఉన్నా అక్కడ బద్ధకం, ఇక్కడ భయం.

ఇదంతా కనిపెట్టడానికి కార్డులు ఆడక్కర్లేదు. నేనైతే పాత పెళ్లిపత్రికల వెనక ఆటగాళ్ల నంబర్లు రాసుకుని, నాణెం ఎగరేసి ఫలితాలు నింపుతాను. ఒక్క సాయంత్రంలో పది టోర్నీలు అయిపోతాయి. కరెంటు పోయినా ఆగదు. చివరి రౌండుకి ముందు మాత్రం ప్రతి టేబులు దగ్గరా ఆగి, గెలిస్తే ఏమవుతుంది, డ్రా అయితే ఏమవుతుంది, ఓడితే ఏమవుతుంది అని పక్కపక్కన రాయండి. ఇద్దరికీ మూడు గడుల్లోనూ ఒకే జవాబు వస్తే ఆ మ్యాచ్ చచ్చినట్టే. దీని తర్వాతే డెక్కులు తీయండి. స్లీవుల్లో (కార్డులకు వేసే ప్లాస్టిక్ తొడుగుల్లో) చీటీలు పెట్టి ఆడటం రెండో పాఠంలో ఉంది, మళ్లీ చెప్పను.

అభ్యాసం. ఆదివారం మొత్తం పడుతుంది, ముందే చెబుతున్నా. పదహారు మందితో నాణెం టోర్నీ పదిసార్లు నడపండి. తొమ్మిది పాయింట్లున్నా సెమీస్ దక్కని ఆ ఒక్కడు తన ఒకే ఒక్క మ్యాచ్ ఏ రౌండులో ఓడాడో ప్రతిసారీ రాసుకోండి. సమానమైనవాళ్లను వేరుచేయడానికి వాళ్ల ప్రత్యర్థుల గెలుపు శాతం చూడండి. ఏ ప్రత్యర్థిదైనా 33 కంటే తక్కువుంటే 33గానే లెక్కించాలి. పది చీటీలూ పక్కపక్కన పెట్టుకుని, మొదటి రౌండులో ఓడినవాళ్లు ఎందరో, నాలుగో రౌండులో ఓడినవాళ్లు ఎందరో లెక్కపెట్టండి.

అది అయ్యాక పదకొండు మందితో చేయండి. బై వచ్చినవాడికి, అంటే ఆ రౌండులో జత దొరక్క ఆడకుండా మిగిలినవాడికి, మూడు పాయింట్లు ఇవ్వండి, ఒకడికే రెండుసార్లు బై ఇవ్వొద్దు.