ఎండాకాలం వస్తోంది, అపార్ట్‌మెంట్‌లో ఈ-స్కూటర్లు ఉన్నవాళ్లు ఇవి చూసుకోండి

మన సెల్లార్‌లో ఈ-బండ్లు బాగా పెరిగాయి, మంచిదే, కానీ ఎండలు ముదిరేలోపు కొన్ని సరిచేసుకోవాలి.

బెడ్‌రూమ్‌లో, గుమ్మం పక్కన, మెట్ల కింద ఛార్జింగ్ అస్సలు వద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో బెడ్‌రూమ్‌లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు, అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఈ-స్కూటర్ల షోరూమ్‌లో మంటలొస్తే పొగ మెట్ల మీదుగా పైనున్న లాడ్జిలోకి పోయి 8 మంది చనిపోయారు. మంట కంటే పొగే ముందు చంపుతుంది, దారి మూసేస్తుంది, అందుకే మెట్ల దగ్గర వద్దని ఇంతగా చెప్తున్నా.

రాత్రంతా పెట్టి పడుకోవద్దు, మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి.

ఎండలో తిరిగొచ్చిన వెంటనే ప్లగ్ పెట్టకండి, అరగంటైనా చల్లారనివ్వండి.

కంపెనీ ఛార్జరే వాడండి, వోల్టేజ్ తేడా ఉన్న చవక ఛార్జర్ బ్యాటరీని ఓవర్‌ఛార్జ్ చేస్తుంది.

పై ఫ్లోర్ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీయొద్దు, వైరు వేడెక్కుతుంది. అసోసియేషన్ వాళ్లు ఎర్తింగ్, ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంట్ ఆపేసే స్విచ్) ఉన్న పాయింట్లు సెల్లార్‌లో గాలాడే చోట పెట్టిస్తే ఈ గొడవే ఉండదు.

బ్యాటరీ ఉబ్బినా, కిందపడినా, వాన నీళ్లలో మునిగినా ఛార్జ్ చేయకుండా సర్వీస్‌కి చూపించండి.

రిజిస్ట్రేషన్ ఉన్న బండి పిల్లలకి ఇవ్వకండి, పట్టుబడితే తల్లిదండ్రులకి 25,000 జరిమానా, జైలు కూడా ఉంది.

పొగ కనిపిస్తే బండి దగ్గరికి పోకుండా అందర్నీ బయటికి పంపి 101కి కొట్టండి.