ఆఫీస్ మెయిల్ సర్వర్ ఐపీ మళ్లీ మళ్లీ బ్లాక్‌లిస్ట్‌లో పడుతుంటే ఏం చూడాలి

సమస్య: నిన్నటిదాకా బాగానే వెళ్లిన మెయిల్స్ ఇవాళ వెనక్కి వచ్చేస్తున్నాయి, ఎందుకంటే మీ సర్వర్ ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో (మెయిల్ తీసుకోవద్దని గుర్తుపెట్టిన ఐపీల జాబితాలో) పడింది. మెయిల్స్ వెళ్లట్లేదని ఆఫీసంతా మీ వెనకాల పడుతుంది, కంగారులో అందరూ చేసే మొదటి పని డీలిస్ట్ ఫామ్ (జాబితాలోంచి తీసేయమని అడిగేది) నింపడం. దయచేసి అది ముందు చెయ్యకండి. స్పామ్ ఇంకా వెళ్తూనే ఉంటే మళ్లీ లిస్ట్‌లోకి వెళ్తారు, అలా మాటిమాటికీ జరిగితే రెండోసారి తీయించుకోవడం ఇంకా కష్టం.

ముందు వెనక్కి వచ్చిన బౌన్స్ మెయిల్ పూర్తిగా చదవండి. 550, 554 లాంటి కోడ్ పక్కనే మిమ్మల్ని ఆపిన లిస్ట్ పేరు, లింకు సాధారణంగా ఉంటాయి. స్పామ్‌హాస్ (ఇలాంటి లిస్ట్‌లు చాలా నడిపే సంస్థ) అయితే లిస్ట్ పేరులోనే సగం కారణం తెలిసిపోతుంది. పీబీఎల్ అంటే మీరు స్పామ్ పంపారని కాదు, ఆ ఐపీ రేంజ్ నుంచి నేరుగా మెయిల్ రాకూడదని పెట్టిన రూల్ అంతే, స్టాటిక్ ఐపీ ఉంటే తీయించుకోవచ్చు, లేకపోతే ప్రొవైడర్ రిలే (వాళ్ల మెయిల్ సర్వర్) ద్వారా పంపండి. ఎక్స్‌బీఎల్ అంటే మాత్రం ఆ ఐపీ వెనకాల ఏదో మెషీన్‌కి వైరస్ పట్టిందనో, హ్యాక్ అయిందనో అర్థం. డీబీఎల్ డొమైన్ మీద పడేది, కాబట్టి ఐపీ మార్చినా లాభం లేదు.

కారణం 1, నేను ఎక్కువసార్లు చూసింది: ఎవరిదో ఒకరి పాస్‌వర్డ్ లీక్ అవడం. ఒకచోట పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) క్యూ, అంటే బయటికి వెళ్లాల్సిన మెయిల్స్ వరస, తెరిచి చూస్తే వేలల్లో మెయిల్స్, అన్నీ ఎవరికీ తెలియని అడ్రస్‌లకి. మెయిల్ లాగ్‌లో sasl_username అనే పదం కోసం వెతికి ఏ లాగిన్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే అన్నీ అకౌంట్స్ సెక్షన్‌లో ఒకే మెయిల్‌బాక్స్‌వి, అది కూడా అర్ధరాత్రి రకరకాల ఐపీల నుంచి. పాపం ఆవిడకి ఏమీ తెలీదు, నకిలీ లాగిన్ పేజీలో ఒకసారి పాస్‌వర్డ్ కొట్టేసింది. పాస్‌వర్డ్ మార్చాం, నడుస్తున్న సెషన్లు కట్ చేశాం, క్యూలో ఆ స్పామ్ మొత్తం తీసేశాం. ఈ చివరి పని మర్చిపోతే పాస్‌వర్డ్ మార్చాక కూడా క్యూలో ఉన్నవి బయటికి పోతూనే ఉంటాయి. ఆ తర్వాత ఒక్కో యూజర్‌కి గంటకి ఇన్ని మెయిల్స్ అని లిమిట్ పెట్టాం.

కారణం 2: లాగ్ శుభ్రంగా ఉంది, అయినా లిస్ట్ అవుతోంది. అప్పుడు సర్వర్‌ని కాదు, ఆఫీస్ నెట్‌వర్క్‌ని అనుమానించండి. అందరూ ఒకే పబ్లిక్ ఐపీ వాడుతుంటే ఏదో ఒక పీసీలో ఉన్న బాట్ (స్పామ్ పంపే వైరస్) నేరుగా పోర్ట్ 25 (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే పోర్ట్) మీద స్పామ్ పంపుతుండొచ్చు, మీ లాగ్‌లో దాని ఊసే ఉండదు. ఫైర్‌వాల్‌లో పోర్ట్ 25 బయటికి మెయిల్ సర్వర్‌కి తప్ప ఎవరికీ వదలకండి, స్టాఫ్ 587 (లాగిన్ అయి మెయిల్ పంపే పోర్ట్) వాడతారు కాబట్టి వాళ్ల పని ఆగదు. బ్లాక్ అయిన కనెక్షన్ల లాగ్ ఆన్ చేస్తే ఏ పీసీయో దానంతటదే బయటపడుతుంది.

కారణం 3: వెబ్‌సైట్ కూడా అదే సర్వర్‌లో ఉంటే కాంటాక్ట్ ఫామ్, పాత ప్లగిన్లు చూడండి, వాటి ద్వారా కూడా స్పామ్ వెళ్లొచ్చు. ఫామ్‌కి క్యాప్చా పెట్టండి, వాడని ప్లగిన్ తీసేయండి.

డీఎన్‌ఎస్ సంగతి కొంచెం వేరు. పీటీఆర్ (ఐపీకి పేరు చెప్పేది), ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), డీమార్క్ (ఎస్‌పీఎఫ్, డీకిమ్ తేడా పడితే ఏం చెయ్యాలో చెప్పేది) సరిగ్గా లేకపోతే బ్లాక్‌లిస్ట్‌లో లేకపోయినా మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడొచ్చు. ఐపీకి పీటీఆర్‌లో ఉన్న పేరు తిరిగి అదే ఐపీకి రావాలి, హెలోలో (మీ సర్వర్ అవతలి సర్వర్‌కి తన పేరు చెప్పుకునే మొదటి మాట) కూడా ఆ పేరే చెప్తే మంచిది. ఎస్‌పీఎఫ్‌లో డీఎన్‌ఎస్ లుకప్‌లు 10 దాటితే ఎర్రర్ వస్తుంది, ఒక్కో సర్వీస్‌కి ఒక్కో ఇన్‌క్లూడ్ (ఆ సర్వీస్ సర్వర్లని కూడా అనుమతించే ఎంట్రీ) కలుపుకుంటూ పోతే తెలియకుండానే దాటిపోతారు.

ఇవన్నీ అయ్యాక, ఒక రోజంతా క్యూ మామూలుగా ఉందని చూసుకుని అప్పుడు డీలిస్ట్ అడగండి. ఏం దొరికింది, ఏం సరిచేశారు రెండు మూడు లైన్లలో నిజాయితీగా రాయండి. స్పామ్‌కాప్ అనే లిస్ట్ అయితే కొత్త రిపోర్టులు ఆగితే 24 గంటల్లో అదే తీసేస్తుంది. డబ్బు కడితే వెంటనే తీస్తామనే లిస్ట్‌లకి మాత్రం నేనైతే కట్టను.

మళ్లీ లిస్ట్ అయితే, ఆ బ్లాక్‌లిస్ట్ సైట్‌లో మీ ఐపీ వెతికే లుకప్ పేజీలో చివరిసారి స్పామ్ కనపడిన టైమ్ ఉందేమో చూడండి, ఉంటే దాన్ని మీ టైమ్‌జోన్‌కి మార్చుకుని సరిగ్గా ఆ నిమిషం దగ్గర మెయిల్ లాగ్, ఫైర్‌వాల్ లాగ్ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.