ఎస్టీ కాలనీలో మనసు వైద్యం చెయ్యాలంటే ముందు ఫారం పక్కన పెట్టండి

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ఆశాలు, ఏఎన్ఎంలు, కౌన్సిలర్లు నన్ను అడిగేది ఒకటే, యానాదులు ఆస్పత్రికి రారు కదా, ఏం చెయ్యమంటారు అని. రారు అనబాకండి. మనం పెట్టిన ఓపీ టైముకి వాళ్ళు పనిలో ఉంటారు, మనం అడిగే మాట వాళ్ళకి అర్థం కాదు, ఈ రెండూ మనమే మార్చుకోవాలి.

నేను చేసిన తప్పు చెప్తా వినండి. మా నెల్లూరు జిల్లా కోవూరు వైపు ఒక కాలనీలో గుడిసె ముందు కూర్చుని డిప్రెషన్ ఫారం తీశా, అందులో తొమ్మిది ప్రశ్నలు. "గత రెండు వారాల్లో నిరాశగా, నిస్పృహగా అనిపించిందా" అని చదివితే ఆ పెద్దమ్మ చీపురు కింద పెట్టి నిలబడి "అవును సామీ" అనింది, తర్వాతదానికీ అవును సామీ, చివర్లో చనిపోవాలని అనిపిస్తా ఉందా అనే ప్రశ్నకి కూడా అవును సామీనే. నాకు చేతులు వణికినాయి. పక్కింటి ఆమె పిలిచి చెప్పింది, "నువ్వు గవర్నమెంటోడివని, కాదంటే యాడ కోపం వస్తాదో అని అట్టా చెప్తా ఉంది" అని. ఆ భయం ఊరికే రాలేదండీ, ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా ముందు వీళ్ళ గుడిసెల్లోనే వెతికేవాళ్ళు. ఎరుకల వాళ్ళనైతే 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం కింద కావలి దగ్గర కాపలా పెట్టిన సెటిల్‌మెంట్లో పెట్టారు, దేశం మొత్తం మీద ఆ చట్టం 1952లో గానీ పోలేదు. బ్యాగు తగిలించుకుని ఫారం పట్టుకుని బండి దిగితే వాళ్ళకి మనం ఎవరిలాగా కనపడతామో ఆలోచించండి.

అందుకని మొదటిసారి పోయినప్పుడు ఏమీ రాసుకోబాకండి. పొద్దుగూకినాక పోండి, రొయ్యల గుంటల కావలికి, పొలంలో ఎలకలు పట్టేదానికి పోయినవాళ్ళు అప్పటికి ఇంటికొస్తారు. నిలబెట్టి మాట్లాడబాకండి, వాళ్ళు కింద కూర్చుంటే మీరూ కింద కూర్చోండి, ఒసే ఒరే అనకుండా అక్కా, పెద్దమ్మా, అబ్బయ్యా అనండి. ఆధార్ లేదనో రేషన్ కార్డు రాలేదనో చెప్పుకుంటే అది మన డిపార్ట్‌మెంట్ కాదనబాకండి, ఆ కాగితం పని ఒకటి చేసిపెడితేనే రెండోసారి మీతో కష్టం చెప్పుకుంటారు.

ఇంక అడిగే మాటలు. డిప్రెషన్, ఆందోళన ఇవన్నీ పక్కన పెట్టండి. మనేద, బెంగ, దిగులు, గుండె దడ, గాలి సోకింది, వాళ్ళు వాడే మాటలు ఇవి. "బువ్వ సయిస్తా ఉందా, రాత్రి ఎన్నిసార్లు లేచి కూర్చుంటా ఉండావు, పనికి పోబుద్ది అవతా ఉందా" అనండి. రెండు వారాలు అని కాకుండా పోయిన అమాస నించి అనండి. జింబాబ్వేలో 2006లో ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని మొదలుపెట్టినప్పుడు వాళ్ళూ ఇదే చేశారు, అతిగా ఆలోచించడం అనే అర్థం వచ్చే సొంత మాట కుఫుంగిసిసా పెట్టుకుని, ఊళ్ళోని అవ్వలకే ట్రైనింగ్ ఇచ్చి చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టారు. మనకీ ప్రతి కాలనీలో అట్టాంటి అవ్వ ఒకామె ఉంటుంది, మంత్రసాని పని చేసిన ఆమో, నలుగురికీ తగువు తీర్చే ఆమో. ముందు ఆమెని కలవండి.

యర్రగొండపాలెం, దోర్నాల వైపు చెంచు గూడేలకి పోయేవాళ్ళు చెంచు ఆశా తోడు లేకుండా పోబాకండి. ఎరుకల వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు, తండాల్లో లంబాడీ, తురకపాలేల్లో ఆడవాళ్ళు ఉర్దూలోనే మనసు విప్పుతారు.

మనసు బాగలేని మనిషిని ఏఎస్ పేట దర్గాకి తీసుకుపోతాం అని ఇంట్లోవాళ్ళు అంటే వద్దనబాకండి. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర దవా దువా అని, ప్రార్థనా మందూ రెండూ ఒకేచోట ఇస్తారు, మనమూ "పోయి రాండి, మాత్ర మాత్రం మానబాకండి" అంటే సరిపోతుంది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి, గొలుసులతో కట్టెయ్యడం. 2001లో తమిళనాడు ఏర్వాడిలో కట్టేసిన 28 మంది మంటల్లో చనిపోయారు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఎవర్నీ ఎట్టా గొలుసులతో కట్టెయ్యడానికీ లేదు. అదే చట్టం 18వ సెక్షన్‌లో పేదవాళ్ళకి తెల్లకార్డు ఉన్నా లేకున్నా గవర్నమెంటు ఆస్పత్రుల్లో మనసు వైద్యం ఉచితం అని ఉంది, ఎక్కడన్నా కార్డు అడిగితే ఈ మాట చెప్పండి.

సారా గురించి ఆడవాళ్ళతోనే మాట్లాడండి, 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా వద్దని కదిలిన జిల్లా ఇది. కానీ రోజూ తాగేవాణ్ణి ఒక్కసారిగా మాన్పించబాకండి, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనిది కనపడి కేకలు వెయ్యొచ్చు, అప్పుడు ఇంట్లోవాళ్ళు దెయ్యం అనుకుంటారు, ఆస్పత్రిలో పెట్టే మాన్పించాలి. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే 14416 నంబరుకి ఫోన్ చెయ్యండి, టెలీమానస్ అని గవర్నమెంటు వాళ్ళ మనసు వైద్యం హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

మందు ఇచ్చేటప్పుడు రెండు మూడు వారాల దాకా పెద్దగా తేడా తెలియదని ముందే చెప్పండి, లేకపోతే నాలుగో రోజే మానేస్తారు. బాతులు మేపేదానికి ఊర్లు పోతా ఉంటే డాక్టర్ని అడిగి ఎక్కువ రోజులకి ఇప్పించండి. చదువు రాని వాళ్ళకి కవరు మీద పొద్దు బొమ్మ, చందమామ బొమ్మ పెన్నుతో వేసి ఇవ్వండి. ఆ పెద్దమ్మ కవరు చూరులో దోపుకుంటుంది, ఈసారి పోయినప్పుడు తీసి చూపించి "చందమామవి అయిపోయినాయి సామీ, పొద్దువి రెండు ఉండాయి" అని చెప్పింది.