డబ్బా మీది అంకె, బల్ల మీది కొలత: ఆడియో ఇంటర్‌ఫేస్‌ను సరిచూడటం ఎలా?

కిందటి వేసవిలో రాజోలు నుంచి ఒక కుర్రాడు మైకును కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ను సంచిలో వేసుకుని అమలాపురంలోని మా రికార్డింగ్ గదికి వచ్చాడు. "రొద మైనస్ 128 అని డబ్బా మీద రాశారండీ. నేను కొలిస్తే మైనస్ 110 వచ్చింది. ఇది మోసం కాదా?" అన్నాడు. ఎలా కొలిచావు బాబూ అని అడిగాను. చార్జర్ పెట్టిన లాప్‌టాప్, తగిలించిన మైకు, నెత్తి మీద తిరుగుతున్న ఫ్యాను. పాపం, ఫ్యాను రొదను చక్కగానే కొలిచాడు.

ధాన్యం అమ్మిన ఇంటి పిల్లవాడికి ఇది కొత్త సంగతి కాకూడదు. కళ్ళంలో తేమ 17 శాతం చూపించిన గింజే మిల్లు గుమ్మంలో 19 చూపిస్తుంది. ఏ మిషను, ఏ వేళ, బస్తాలో పైగింజా అడుగుగింజా అని మన రైతు వెంటనే అడుగుతాడు. ఆడియో పెట్టెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న ఎవరికీ తోచదు.

ముందు కాగితం చదవండి

మూడు అంకెలు చూస్తే చాలు. మిగతావి అలంకారం.

మొదటిది డైనమిక్ రేంజ్, అంటే పెట్టె పట్టగల అతి పెద్ద శబ్దానికీ దాని సొంత రొదకూ మధ్య దూరం. 24 బిట్లకు లెక్క ప్రకారం 144 డీబీ (డెసిబెల్) వస్తుంది కానీ మనం కొనే మామూలు పెట్టెలు ఆ అంకెను అందుకోవు. అసలు చూడవలసింది, రాసిన అంకె మొత్తం పెట్టెదా, లోపల ధ్వనిని అంకెలుగా మార్చే కన్వర్టర్ చిప్‌దా అన్నది. చిప్ తయారీదారు చెప్పిన అంకెను డబ్బా మీదికి ఎక్కించుకోవడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. ఆ పక్కన చిన్న అక్షరాల్లో 'ఏ-వెయిటెడ్' అని ఉందేమో కూడా చూడండి. చెవికి అంతగా ఆనని అడుగు, పై స్వరాల రొదను తగ్గించి లెక్కకట్టే పద్ధతి అది. తప్పు కాదు, కానీ దానివల్ల అంకె రెండు డీబీలు, ఇంకాస్త మెరుగ్గా కనిపిస్తుంది.

రెండోది టీహెచ్‌డీ ప్లస్ ఎన్, అంటే డిస్టార్షన్ (ధ్వనిలో వచ్చే వికృతి), రొద కలిపిన లెక్క. ఎంత లెవెల్ దగ్గర కొలిచారో రాయకపోతే దాన్ని వదిలేయండి. 'ప్లస్ ఎన్' లేకుండా ఉత్త టీహెచ్‌డీ మాత్రమే రాస్తే రొదను పక్కకు తప్పించారని అర్థం.

మూడోది ఈఐఎన్, మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్ సొంతంగా చేసే రొద. రొయ్యల కౌంట్ తెలిసినవాళ్ళకు ఇది తేలిక. 30 కౌంట్ రొయ్య 50 కౌంట్ కంటే పెద్దది కదా, అలాగే ఇక్కడ మైనస్ పెరిగే కొద్దీ మంచిది. అయితే దీనికి ప్రకృతి గీసిన గీత ఒకటి ఉంది. మైకుకు బదులుగా పెట్టే 150 ఓమ్‌ల రెసిస్టర్ ఊరికే కూర్చుని చేసే రొదే, గది వేడి దగ్గర, 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో సుమారు మైనస్ 131 డీబీయూ (వోల్టేజీని డెసిబెల్‌లలో చెప్పే లెక్క). ఏ-వెయిటింగ్ వేస్తే మైనస్ 133 చిల్లర. అంతకంటే మెరుగైన అంకె కనిపిస్తే, ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి కొలిచారన్నమాట. షార్ట్ చేసిన తీగలో ఎవరూ పాట పాడరు.

సామాను, సులువైన పనులు

రెండు చివర్లా మూడు పట్టీల జాక్ ఉన్న బ్యాలెన్స్‌డ్ కేబుల్, లైన్ అవుట్ నుంచి మైకు ఇన్‌పుట్‌కు వెళ్ళే ఇంకో కేబుల్, మామూలు మల్టీమీటర్, 150 ఓమ్‌ల ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్, మైకులకు వాడే మూడు పిన్నుల మగ ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గు. సాఫ్ట్‌వేర్‌గా రూమ్ ఈక్యూ విజార్డ్ దించుకోండి, ఉచితమే. మన తీరంలో ఉప్పుగాలికి జాక్‌ల మీద చిలుము పడుతుంది. ముందు తుడవండి.

లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి. చార్జర్ పెట్టి లాప్‌టాప్ ఒంటి మీద వేలు రాస్తే జివ్వుమంటుందే, అదే 50 హెర్ట్జ్, దాని గుణిజాలు గ్రాఫులో దువ్వెన పళ్ళలా నిలబడతాయి. యూఎస్‌బీ హబ్ వద్దు. 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, ఇంకేదీ వద్దు. విండోస్‌లో ధ్వని 'మెరుగులు' అన్నీ ఆపండి. డైరెక్ట్ మానిటర్ మీట ఆపండి, లేదంటే శబ్దం తన తోకను తానే పట్టుకుని తిరుగుతుంది. నేను మధ్యాహ్నం మాత్రమే కొలుస్తాను. రాత్రయితే చుట్టూ చెరువుల్లో ఏరేటర్లు తెల్లవార్లూ తిరుగుతాయి, వోల్టేజీ ఊగుతుంది. బ్యాటరీ మీద కొలిచేటప్పుడు దానితో పనేమిటని కొందరు వాదిస్తారు. వాదించనివ్వండి.

లైన్ అవుట్‌ను లైన్ ఇన్‌కు కలిపి, 1 కిలోహెర్ట్జ్ టోన్‌ను మైనస్ 60 దగ్గర వదిలి, రొద ఎంతో చూస్తే డైనమిక్ రేంజ్ వచ్చేస్తుంది. ఒక్క సంగతి మరవకండి. ఇందులో అవుట్‌పుట్ రొద, ఇన్‌పుట్ రొద రెండూ కలిసి ఉంటాయి. కాగితం మీద ఒకటి 114, ఇంకొకటి 111 అని ఉంటే, లెవెళ్ళు కుదిరినప్పుడు మీకు 109 దగ్గర వస్తుంది. అది కంపెనీ అబద్ధం కాదు, కూడిక.

అందరూ పాడుచేసే మెట్టు: ఈఐఎన్

ఇక్కడ తొందర పడవద్దు. మొదట, కొన్ని మైకులకు కరెంటు పంపే 48 వోల్టుల మీట ఆపండి. ఆపి, నిమిషం ఆగండి. ఈ మెట్టులో ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని మైకు ఇన్‌పుట్‌కే కలుపుతాం. ఆ వోల్టేజీ ఎదురెక్కితే అవుట్‌పుట్ దెబ్బతినవచ్చు. కొన్ని పెట్టెల్లో రెండు చానళ్ళకూ ఒకటే మీట ఉంటుందని గుర్తుంచుకోండి. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టండి. స్పీకర్లు కట్టేయండి. గెయిన్‌ను, అంటే ప్రీయాంప్ పెంపును, చివరిదాకా తిప్పబోతున్నాం.

ముందు అవుట్‌పుట్ కేబుల్ చివర మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి, 2, 3 పిన్నుల మధ్య కొలవండి. టోన్ 200 హెర్ట్జ్ ఉండాలి, 1 కిలోహెర్ట్జ్ కాదు. చౌక మీటర్లు కొన్ని వందల హెర్ట్జ్ దాటాక తప్పు చెబుతాయి. అవుట్‌పుట్ మీటను తిప్పి సరిగ్గా 1 వోల్టుకు తెండి. అది ప్లస్ 2.2 డీబీయూ. ఇక ఆ మీటను ముట్టుకోవద్దు. ఈ మాట నేను మూడుసార్లు చెబుతాను, అయినా ఎవరో ఒకరు ముట్టుకుంటారు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో టోన్‌ను సరిగ్గా 60 డీబీలు తగ్గించండి. వోల్టు కాస్తా మిల్లీవోల్టు అవుతుంది, మైనస్ 57.8 డీబీయూ. ఇంత చిన్న వోల్టేజీని మన మల్టీమీటర్ చూడలేదు, కానీ డిజిటల్ తగ్గింపులో తేడా రాదు కాబట్టి నమ్మవచ్చు. నా పద్ధతి మెరుగల్లా ఇక్కడే. గెయిన్ మీట పక్కన అచ్చేసిన అంకెను చాలామంది లెక్కలోకి తీసుకుంటారు, అది మూడు నాలుగు డీబీలు అటూఇటూ ఉండటం మామూలే.

ఆ టోన్‌ను మైకు ఇన్‌పుట్‌కు ఇచ్చి, గెయిన్ చివరిదాకా పెట్టి, ఎంత చూపిస్తుందో రాసుకోండి. రాజోలు కుర్రాడి పెట్టెలో మైనస్ 8 డీబీఎఫ్‌ఎస్ (పెట్టె పూర్తిగా నిండే చోటును సున్నాగా పెట్టుకున్న లెక్క) వచ్చింది. అంటే ఆ ఇన్‌పుట్ నిండేది మైనస్ 49.8 డీబీయూ దగ్గర.

గెయిన్ కదపకుండా కేబుల్ తీసి, రెసిస్టర్‌ను 2, 3 పిన్నుల మధ్య అతికిన ప్లగ్గు పెట్టండి. ప్లగ్గు లోహపు తొడుగును 1వ పిన్నుకు కలపండి, లేకపోతే గదిలోని మోతంతా అందులోకి దూరుతుంది. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు మొత్తం రొదను ఆర్‌ఎంఎస్‌లో, అంటే శిఖరాన్ని కాక సగటు బలాన్ని చెప్పే లెక్కలో, చదవండి. మాకు మైనస్ 76 వచ్చింది. మైనస్ 49.8కి అది కలిపితే మైనస్ 125.8 డీబీయూ.

రెండు గోతులున్నాయి. టోన్‌ను పీక్ మీటర్‌లో, రొదను ఆర్‌ఎంఎస్ మీటర్‌లో చదివితే లెక్కలో 3 డీబీల దొంగలాభం రావచ్చు. రెండూ ఆర్‌ఎంఎస్‌లోనే చదవండి. రెండోది ఇంకా పెద్దది. గ్రాఫులో అడుగున కనిపించే గీతను చూసి "నా రొద మైనస్ 120" అనేవాళ్ళు బోలెడుమంది. 65,536 పాయింట్ల గ్రాఫులో ఆ గీత ఒక్కో సన్నటి ముక్కలో ఉన్న రొదను మాత్రమే చూపిస్తుంది. అలాంటి ముక్కలు 27 వేలకు పైగా ఉన్నాయి. అన్నీ కలిపితే అసలు రొద ఆ గీత కంటే 40 డీబీలు పైనే ఉంటుంది.

మైనస్ 125.8 చూసి కుర్రాడి ముఖం మళ్ళీ వాడింది. ఏ-వెయిటింగ్ పెట్టాను. మైనస్ 128. డబ్బా తిప్పి చూస్తే అంకె పక్కన చీమంత అక్షరం 'ఏ' ఉంది.

తేడా వస్తే ఏం చేయాలి

రెండు మూడు డీబీల తేడాను పట్టించుకోకండి. ఆరు దాటితే ముందు మీ కేబుల్‌ను అనుమానించండి, తరువాత మీ లెక్కను, ఆ తరువాతే కంపెనీని. 48 వోల్టులను కూడా ఒకసారి చూడండి. మీట వేసి, 1, 2 పిన్నుల మధ్య డీసీలో 44 నుంచి 52 వరకు ఎంతున్నా సరే. చూశాక మీట ఆపండి.

డప్పు, నాదస్వరం రికార్డు చేసేవాళ్ళకు ఈఐఎన్‌తో పనే లేదు, అక్కడ గెయిన్ సగం కూడా తిప్పరు. మెత్తగా మాట్లాడే గొంతుకు, డైనమిక్ మైకుకు కావాలి. షూర్ ఎస్‌ఎం7బీ లాంటి మైకు 94 డీబీ శబ్దానికి 1.12 మిల్లీవోల్టు ఇస్తుంది. మైకు దగ్గర 74 డీబీ ఉండే గొంతుకు అందులో పదో వంతే. మైనస్ 125.8 పెట్టెలో ఆ గొంతుకూ రొదకూ మధ్య దూరం 49 డీబీలు.

ఇంకా మంచి పెట్టె కొనమంటారా అని అడిగాడు కుర్రాడు. ఎంత దూరం నుంచి చదువుతావో చూపించమన్నాను. జానెడు దూరంలో కూర్చున్నాడు. బెత్తెడు దూరానికి జరిపాను. మీటర్ మీద 9 డీబీలు పెరిగింది.