ఐదొందలకి ఐదు లక్షల కాయిన్లు: బంగారం కొట్టు గుమస్తా లెక్క

పర్లాకిమిడిలో ఒక బంగారం కొట్లో పద్దులు రాయడం నా పని. నా పక్కనే అద్దాల పెట్టెలో కాటా ఉంటుంది. తలుపు తీసుంటే ఫ్యాను గాలికే అంకె కదిలిపోతుంది. ఒడియా వాళ్లొచ్చి "భరి ఎంత?" అంటారు. పాతపట్నం నుంచి వచ్చే మనవాళ్లు "తులం ఎంత?" అంటారు. భరి అంటే 11.66 గ్రాములు. పాత లెక్కలో తులమూ అంతే, కానీ ఇప్పుడు చాలామంది పది గ్రాములనే తులం అంటున్నారు. ఆ తేడా ముందే తేల్చుకోకుండా ధర చెప్పామా, బిల్లు దగ్గర గొడవే.

మొన్న మా మేనల్లుడు ఫోను పట్టుకొని వచ్చాడు. "మావయ్యా, ఐదొందలకి ఐదు లక్షల కాయిన్లొచ్చాయి. కాయిను రూపాయైతే చాలు, ఐదు లక్షలు!"

"ఏటిరా ఆ కాయిను?"

"షిబా ఇను. ఫోన్లో కొనే క్రిప్టో కాయిన్, కుక్క బొమ్మ ఉంటుంది."

వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చిన్న కొలతలు. బిట్‌కాయిన్‌ని పుట్టించిన సటోషి నకమోటో పేరే దాని అతి చిన్న ముక్కకి పెట్టారు. ఒక బిట్‌కాయిన్‌లో పది కోట్ల సటోషీలు. లెక్కకి వీలుగా బిట్‌కాయిన్ 80 లక్షలనుకోండి. దాన్ని పది కోట్లతో భాగిస్తే 0.08, అంటే సటోషి ఎనిమిది పైసలు. 500 రూపాయలకి 6,250 సటోషీలొస్తాయి. యాప్‌లో మాత్రం 0.0000625 అని కనిపిస్తుంది. సున్నాలు చూసి కంగారు పడొద్దు. చుక్క తర్వాత ఎనిమిది అంకెలయ్యేలా చివర సున్నా చేర్చండి: 0.00006250. ఇప్పుడు చుక్కనీ ముందున్న సున్నాలనీ తీసేస్తే మిగిలినవే సటోషీలు.

ఈథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ కాయిన్ ఈథర్. దానికి చుక్క తర్వాత పద్దెనిమిది స్థానాలు. అన్నిటికంటే చిన్నది వెయ్. వంద కోట్ల వెయ్‌లు ఒక గ్వెయ్, వంద కోట్ల గ్వెయ్‌లు ఒక ఈథర్. గ్వెయ్ మాట ఎక్కువగా వినిపించేది పంపే ఖర్చు దగ్గర. ఆ పంపే పనిని కొలిచేదాన్ని గ్యాస్ అంటారు. మామూలుగా ఒకరికి ఈథర్ పంపితే 21,000 గ్యాస్ పడుతుంది. ఒక్కో గ్యాస్ ధర 20 గ్వెయ్ ఉంటే 4,20,000 గ్వెయ్, అంటే 0.00042 ఈథర్. ఈథర్ మూడు లక్షలనుకుంటే 126 రూపాయలు. వంద రూపాయల సరుకు పంపడానికి 126 కూలీ ఇస్తామా? అందుకే పంపేముందు ఈ గుణకారం చేసుకోవాలి. వేరే క్రిప్టోలకీ చిన్న ముక్కలున్నాయి: సొలానాకి లాంపోర్ట్, కార్డానోకి లవ్‌లేస్. పేర్లు వేరు, పద్ధతి ఇదే.

ఇంకో తిరకాసు. కొన్ని యాప్‌లలో చుక్క తర్వాతి సున్నా పక్కన కిందుగా బుల్లి 4 ఉంటుంది. అక్కడ నాలుగు సున్నాలున్నాయని దానర్థం. దాన్ని మామూలు నాలుగనుకుంటే లెక్క ఎక్కడికో పోతుంది.

ఇక ధర. బంగారానికి పొద్దున్నే రేటు వచ్చినట్టు కాయిన్‌కి రేటు కట్టే ఆఫీసు ఏదీ లేదు. తెర మీద కనిపించేది చివరిసారి బేరం తెగిన రేటు, అంతే. మన వారపు సంతలో చింతపండు కొంటున్నారనుకోండి. ఒకావిడ దగ్గర 20 కిలోలు, కిలో వంద. పక్కావిడ దగ్గర 30 కిలోలు, నూటఐదు. ఆ చివరన కూర్చున్న ముసలాయన దగ్గర 50 కిలోలు, నూటఇరవై. మీకు వంద కిలోలూ ఇప్పుడే కావాలంటే 2,000, 3,150, 6,000 కలిపి 11,150 అవుతుంది. కిలో వంద అని విని వెళ్లి నూటపదకొండున్నరకి కొన్నారు. కాయిన్లమ్మే చోటా ఇలాగే వరస ఉంటుంది, దాన్ని ఆర్డర్ బుక్ అంటారు. నేను ఒకసారి పెద్దగా ఎవరూ కొనని కాయిన్ మీద రెండు వేలు పెట్టి 'మార్కెట్ ఆర్డర్' నొక్కాను, అంటే దొరికిన రేటుకి ఇప్పుడే కొనేయమని. నిమిషంలో పదిహేడు వందలని చూపించింది. ఎవరూ దోచుకోలేదు, వరస చివరిదాకా నేనే కొనుక్కుంటూ పోయాను. అప్పట్నుంచి 'లిమిట్ ఆర్డర్' పెట్టి, నా రేటు నేనే రాస్తున్నాను.

ఆ చివరి రేటుని చలామణిలో ఉన్న మొత్తం కాయిన్లతో గుణిస్తే వచ్చేదే మార్కెట్ క్యాప్. అదీ కాగితం మీది లెక్కే. 2021 మేలో ఈథీరియం సృష్టికర్త విటాలిక్ బుటెరిన్ మన దేశంలో కోవిడ్ సాయానికి 50 లక్షల కోట్ల షిబా కాయిన్లిచ్చారు. ఆ రోజు రేటుకి దాదాపు వంద కోట్ల డాలర్లన్నారు. కబురు తెలియగానే రేటు పడింది, అమ్మితే చేతికొచ్చింది అంతకంటే చాలా తక్కువ.

మేనల్లుడికి పాత బిల్లు వెనక రాసి చూపించాను. చలామణిలో ఉన్న షిబా కాయిన్లు సుమారు 589 లక్షల కోట్లు. కాయిన్ రూపాయైతే మొత్తం విలువ 589 లక్షల కోట్ల రూపాయలు. 2024-25లో మన దేశం జీడీపీయే సుమారు 330 లక్షల కోట్లు. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా అందరం ఏడాదంతా చేసిన పని విలువకంటే ఈ కుక్క బొమ్మ కాయిన్ విలువ ఎక్కువ కావాలన్నమాట.

లాభమొస్తే 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. అమ్మేటప్పుడు ఒక శాతం టీడీఎస్ కూడా పోతుంది.

వాడు కాసేపు బిల్లు వంకే చూశాడు. "పోనీ మావయ్యా, పైసా అయితే?"

"2021 అక్టోబరులో ఊరంతా దాని గురించే మాట్లాడినప్పుడు కూడా పైసా దాకా రాలేదురా."

వాడు నా చెవి మీది పెన్ను లాక్కుని, బిల్లు ఇటు తిప్పుకొని, 589 పక్కన మళ్లీ సున్నాలు వేయడం మొదలెట్టాడు.