నూనె రంగుల్లో ముఖచిత్రం: నీడ ముందు, కళ్లు ఆఖరున

కుంచె పట్టగానే చాలామంది కళ్ల మీద పడతారు. రెప్పలు, కనుపాపలు ముద్దుగా దిద్దాక చూస్తే అవి ఉండాల్సిన చోట ఉండవు. పాత పద్ధతిలో కళ్ల వంతు చివరిది.

1. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, గదిలో దీపాలు ఆర్పేయండి. వెలుగు ఒక వైపు నుంచే పడాలి. ఉత్తరపు కిటికీ మేలు. ఏడాదిలో చాలా నెలలు అందులోంచి నేరుగా ఎండ పడదు.

2. జెస్సో (రంగు వేసే ముందు పూసే తెల్లటి పునాది పూత) పూసిన కాన్వాస్‌ మీద ముదురు గోధుమ రంగైన బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో పలుచగా పూసి, గుడ్డతో తుడవండి. అదే రంగుతో తల ఆకారం గీయండి. కళ్ల వరుస తల ఎత్తుకు సగంలో ఉంటుంది. కొత్తవారు దాన్ని పైకి జరిపి నుదురు మింగేస్తారు.

3. అసలు పని ఇక్కడే. కళ్లు చికిలించి చూడండి. వివరాలు మాయమై వెలుగూ నీడా మిగులుతాయి. కంటి గుంట, ముక్కు పక్క, దవడ కింద ఉన్న నీడలను విడదీయకుండా ఒకే ముద్దగా అంబర్‌తో నింపండి. కళ్లూ పెదవులూ లేకుండానే పోలిక కనిపించాలి. లేకపోతే గుడ్డతో తుడిచి మళ్లీ వేయండి. ఒక పూట దీనికే పోయినా ఫరవాలేదు.

4. రంగులు కొన్ని చాలు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో చెప్పుకునే పాలెట్‌లో నాలుగే ఉంటాయి: తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (ఎరుపు), ఐవరీ బ్లాక్ (నలుపు). నలుపూ తెలుపూ కలిసిన బూడిద, ఎరుపు పక్కన నీలంగా తోస్తుంది! మన చామనఛాయలకు ఎర్రటి గోధుమ రంగైన బర్న్ట్ సియెన్నా జోడించండి. ట్యూబుల్లో అమ్మే ‘ఫ్లెష్ టింట్’ జోలికి మాత్రం వెళ్లవద్దు, అది ఎవరి ఒంటి రంగూ కాదు. సాధారణంగా నుదురు పసుపు వైపు, ముక్కు, బుగ్గలు ఎరుపు వైపు, మగవారి గడ్డం దగ్గరి చర్మం బూడిద వైపు మొగ్గుతాయి. నీడలు పలుచగా, వెలుగులు చిక్కగా వేయండి.

5. ఇప్పుడు కళ్లు. కనుగుడ్డులో తెల్లటి భాగానికి ట్యూబులోని తెలుపు వాడకండి. పైరెప్ప నీడ పడి అది బూడిదగా ఉంటుంది. మెరుపు చుక్క ఒక్కసారి పెట్టి వదిలేయండి.

6. కింది పొరల కంటే పై పొరల్లో, రంగులో కలిపే అవిసె నూనె ఎక్కువ ఉండాలి. తారుమారైతే పగుళ్లు వస్తాయి. వార్నిష్‌కు సాధారణంగా ఆరు నెలలైనా ఆగాలి. అవిసె నూనె అంటిన గుడ్డలను కుప్పగా పడేయకండి, వాటంతట అవే అంటుకోగలవు. నీటిలో తడిపి, మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.